బి కొనాలా, జెడ్ కొనాలా

బి650, బి760, బి840, బి850, బి860 అని అయిదు పేర్లు ముందు పెట్టి వీటిలో ఏది గొప్పదో చెప్పమంటే, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు కూడా తప్పే చెబుతాడు. అంకె పెద్దదైతే సరుకు పెద్దదని లోకం అనుకుంటుంది గదా, మదర్‌బోర్డుల దగ్గర అది చెల్లదు. బి840 అన్నది బి650 వచ్చిన రెండేళ్ల తర్వాత వచ్చింది, అంకెలో నూట తొంభై ఎక్కువ. అయినా ప్రాసెసరు వేగం మనంతట మనం పెంచుకునే వీలు బి650లో ఉంది, బి840లో లేదు. పైగా ఈ అయిదింట్లో 60తో ముగిసేవి ఇంటెల్‌వి, తక్కినవి ఏఎండీవి. ఒకరి ప్రాసెసరు ఇంకొకరి సాకెట్లో దిగదు. పేర్లు మాత్రం ఒకే ఇంటివి. ఇది యాదృచ్ఛికం అనుకునేంత అమాయకత్వం నాకు మిగల్లేదు. 2017 మొదట్లో ఇంటెల్ బి250 అమ్ముతోంది. వరస ప్రకారం తర్వాతది బి350 కావాలి. ఏఎండీ ఆ ఏడాదే రైజెన్ ప్రాసెసర్లతో పాటు బి350 అన్న పేరు ఎగరేసుకుపోయింది. ఇంటెల్ మరుసటేడు బి360 తెచ్చింది. ఇక అక్కణ్ణుంచి చూడండి: ఏఎండీ బి450 అంటే ఇంటెల్ బి460, ఏఎండీ బి550 అంటే ఇంటెల్ బి560. 2025లో ఏఎండీ 750ని గెంతేసి బి850 అంది, ఇంటెల్ బి860 అంది. ఎప్పుడు చూసినా పది ఎక్కువ. ఇంజనీర్లు ఒక గదిలో ట్రాన్సిస్టర్లతో కుస్తీ పడుతుంటే, పక్కగదిలో ఒకాయన జీతం తీసుకుని పది కలుపుతున్నట్టుంది.

పేర్ల గోల అటుంచి అసలు ఆ పేర్లు మోసే చిప్‌సెట్ చేసే పనేమిటో చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు బోర్డు మీద రెండు పెద్ద చిప్పులుండేవి, నార్త్‌బ్రిడ్జీ సౌత్‌బ్రిడ్జీ. ర్యామ్‌తోనూ గ్రాఫిక్ కార్డుతోనూ బేరసారాలన్నీ మొదటిది చూసుకునేది. అందుకని ఆ రోజుల్లో చిప్‌సెట్ మారితే కంప్యూటరు వేగం నిజంగానే మారేది. 2003లో ఏఎండీ అథ్లాన్ 64తో ర్యామ్ వ్యవహారాన్ని ప్రాసెసరు లోపలికి లాక్కుంది. ఇంటెల్ 2008లో అదే దారి పట్టింది, మరుసటేడు గ్రాఫిక్ కార్డు దారిని కూడా లోపలికి తీసుకుపోయింది. చిప్‌సెట్‌కి మిగిలింది యూఎస్‌బీలూ, సాటా పోర్టులూ, అదనపు ఎస్‌ఎస్‌డీ స్లాట్లూ చూసుకునే పని. పని తగ్గింది, హోదాలు మాత్రం పెరిగాయి. ఇవాళ కొనేవాడు చిప్‌సెట్ ఎంచుకుంటున్నాననుకుంటాడు గానీ, వాడు ఎంచుకుంటున్నది చాలావరకు అనుమతి. బి650 లోనూ, దానికి ఎన్నో మెట్లు పైన ఉన్నట్టు కనిపించే ఎక్స్870 లోనూ ఉన్నది ప్రోమోంటరీ 21 అనే ఒకే చిప్పు. బోర్డు చేసేవాళ్లు యూఎస్‌బీ4 కోసం వేరే చిప్పు అతికించి, గ్రాఫిక్ స్లాటుకి పీసీఐఈ 5.0 ఇస్తే ఎక్స్870 అని పెట్టె మీద వేసుకోవచ్చు. ఎక్స్870ఈ అంటే అదే చిప్పు రెండుసార్లు. ఇంటెల్ ఇంకో అడుగు ముందుకేసి రెండు తాళాలు వేసింది. పేరు చివర కె ఉన్న ప్రాసెసరు వేగం పెంచుకోవచ్చు, అదీ పేరు జెడ్‌తో మొదలయ్యే బోర్డు మీదే. కె కొని బి మీద పెడితే కె దండగ, కె లేనిది కొని జెడ్ మీద పెడితే జెడ్ దండగ. 2015 చివర్లో కొన్ని బోర్డు కంపెనీలు కె లేని స్కైలేక్ తరం ఇంటెల్ ప్రాసెసర్ల వేగం కూడా పెంచుకునేలా బోర్డుని మేల్కొలిపే ప్రోగ్రాము, అంటే బయోస్, మార్చి ఇచ్చాయి. భేషుగ్గా పనిచేసింది. కొద్ది నెలల్లో ఇంకో అప్‌డేట్ వచ్చి ఆ వీలు తీసుకుపోయింది. ఆ ప్రాసెసర్లకు చేతకాని పనే అయితే ఆపడానికి అప్‌డేట్ ఎందుకట?

ఇక్కడ 2010 నాటి ఒక కార్డు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఇంటెల్ పెంటియం జి6951 అనే ప్రాసెసరుతో పాటు కొన్ని దేశాల్లో 50 డాలర్ల కార్డు అమ్మింది. ఆ కార్డు మీది కోడు కంప్యూటర్లో కొడితే హైపర్‌థ్రెడింగూ, మరో 1 ఎంబీ క్యాష్ మెమరీ మేల్కొనేవి. అవి అంతకుముందే చిప్పులో ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చి ఒక గదికి తాళం వేసుకునే ఓనర్లు మనకి కొత్త కాదు. ఆ గదిలో వాళ్ల పాత మంచాలూ ఇత్తడి గుండిగలూ ఉంటాయి, అర్థముంది. ఇక్కడ ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యాక తాళం, లోపల చూస్తే గది ఖాళీ. జనం దుమ్మెత్తిపోశారు, 2011తో ఆ పథకం చాప చుట్టేసింది. నన్నడిగితే చుట్టకుండా ఉండాల్సింది. ఆ ప్రాసెసరుని సెకండ్‌హ్యాండ్‌లో అమ్మితే 1 ఎంబీ ఎవరిది? అన్నదమ్ముల పంపకాల్లో అన్నకి చిప్పు, తమ్ముడికి కోడు వస్తే ఏ కోర్టుకెళ్లాలి? కట్నంలో ప్రాసెసరు ఇస్తామని ఒప్పుకుని, కార్డు సంగతి మేమెక్కడన్నామని పీటల మీద వియ్యంకులు తగువేసుకుంటే పురోహితుడు ఏం చెప్పాలి? ఆ ప్రశ్నలకి జవాబులు తేలకుండానే పోయాయి. ఆ కార్డుని తిట్టినవాళ్లు ఒక సంగతి మర్చిపోయారు: ఆ పథకంలో తాళం ఖరీదైనా పైకి చెప్పి అమ్మారు. ఇప్పుడు తాళాలున్నాయి, కార్డు లేదు. గది కావాలంటే ఇంకో ఇల్లే కొనుక్కోవాలి.

తయారీలో కొన్ని చిప్పులు లోపంతో వస్తాయి, వాటిలో పాడైన భాగం మూసేసి తక్కువకి అమ్మడం న్యాయం కాదా అంటారు. న్యాయమే. ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. విడిగా గ్రాఫిక్ కార్డు కొనేవాడికి అది లాభసాటి బేరం. కానీ కోడు కొడితే బాగయ్యేది లోపం కాదు. కరెంటు సరఫరా కారణాలుంటాయి, కొత్త ప్రాసెసర్లకి పాత బోర్డులు సరిపోవు అని ఇంకో మాట. 2017 జనవరిలో జెడ్270 వచ్చింది, అక్టోబరులో జెడ్370. రెంటికీ అదే 1151 పిన్నుల సాకెట్, చిప్‌సెట్ కూడా దాదాపు అదే. అయినా ఎనిమిదో తరం ప్రాసెసరు జెడ్270లో నడవదన్నారు. చేయి తిరిగిన ఔత్సాహికులు బయోస్ మార్చి పాత బోర్డుల మీద నడిపి చూపించారు. కోర్లు పెరిగితే కరెంటు ఎక్కువ లాగుతుందన్నది అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. తాళానికి అదొక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోను. ఏఎండీ భక్తులు ఇక్కడ చప్పట్లు కొట్టనక్కర్లేదు. 2020లో వాళ్లూ బి450 బోర్డులకి రైజెన్ 5000 రాదన్నారు, బయోస్ చిప్పులో 16 ఎంబీయే చోటుందన్నారు. గోల పుట్టగానే కొద్ది రోజుల్లో మాట మార్చారు. గోలకి 16 కాస్తా 32 అవలేదు, కొన్ని పాత ప్రాసెసర్లని బయోస్‌లోంచి తీసేసి చోటు చేశారు. చోటు మొదటే చెయ్యొచ్చుగా?

వెటకారం కాసేపు ఆపితే, ఇందులో నాకు గుచ్చుకునేది డబ్బు కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కౌంటర్ల దగ్గర ఇంజనీరింగ్ చదివే పిల్లల వెనక నిలబడే తండ్రులుంటారు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని బియ్యం పాతవో కొత్తవో చెప్పగలిగిన మనుషులు. ఏ సరుకునీ చూడకుండా కొని ఎరగరు. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు, పెట్టె తప్ప. పిల్లవాడికి తెలిసినదీ ఈ ఏడాదికే. తమ్ముడి వంతు వచ్చేసరికి సాకెట్ మారి, అన్న నేర్చుకున్నది ఇంట్లో ఎవరికీ పనికిరాదు. తండ్రి తలూపి డబ్బు తీస్తాడు.

కాబట్టి అక్షరం సంగతి తర్వాత, బోర్డు సంగతి ముందు చూడాలి. ఒకే బి760 పేరుతో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. ర్యామ్ తప్పు కొంటే దిగదు. కొన్ని బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ పెడితే సాటా పోర్టులు కొన్ని మూగబోతాయి, ఆ ముక్క మాన్యువల్లో సన్న అక్షరాల్లో ఉంటుంది. ప్రాసెసరు చుట్టూ కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింకులు ఉన్నాయా లేవా అన్నది బి, జెడ్ తేడా కన్నా ఎక్కువ పట్టించుకోవలసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ ఉందేమో చూడాలి. పాత స్టాకు బోర్డు కొత్త ప్రాసెసరుని గుర్తుపట్టదు. గుర్తుపట్టాలంటే బయోస్ మార్చాలి, బయోస్ మార్చాలంటే అది గుర్తుపట్టే పాత ప్రాసెసరు కావాలి. 2018లో ఈ చిక్కులో పడ్డవాళ్లకి ఏఎండీ పాత ప్రాసెసర్లు ఎరువిచ్చింది, పని కాగానే తిరిగి పంపమని. చవక బోర్డుల్లో ఆ బటన్ ఇప్పటికీ చాలావాటికి ఉండదు. దానికి ఎన్ని రూపాయలవుతాయో నాకు తెలియదు గానీ, పెట్టె మీద మెరిసే స్టిక్కర్లు నాలుగు తగ్గిస్తే వస్తుందనుకుంటాను.