పది మీది ఆరు

నేను లేబుల్ ప్రింటర్‌ని. శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలోని ఒక చిన్న ల్యాబులో, కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. ఇక్కడి అమ్మాయిలు కణాలు పెంచి, చిటికెన వేలంత వయల్స్‌లో పోసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాస్తారు. వాటి మీద అంటించే కాగితం ముక్క నాది. ఫ్రీజర్ తలుపు మూశాక ఆ వయల్‌లో ఏముందో చెప్పేది అదొక్కటే.

మా వైపు లేబులంటే చిన్నచూపు లేదు. హెపటైటిస్-బి టీకాను దేశంలో తొలిసారి తయారుచేసి 1997లో విడుదల చేసిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్‌ది. 2021 జనవరిలో అనుమతి వచ్చిన కోవాగ్జిన్ మా వ్యాలీలోని భారత్ బయోటెక్‌ది. ఎంత గొప్ప మందైనా జనం చేతికి వెళ్లేది లేబుల్‌తోనే.

నాకు అక్షరాలు పంపేది పక్కనున్న కంప్యూటర్. అందులోని ప్రోగ్రాం క్యూట్ (Qt) అనే టూల్‌కిట్‌తో రాసింది. నార్వేలో ఇద్దరు 1991లో మొదలుపెట్టి 1995లో జనంలోకి వదిలిన టూల్‌కిట్ అది. తెర మీద బ్యాచ్ నంబరు బోల్డ్‌లో, జీవి పేరు ఇటాలిక్‌లో, కణాల లెక్క 10⁶ అని ముచ్చటగా కనిపిస్తాయి. ఆ ముచ్చటంతా లోపల ట్యాగులే, అంటే కోణపు గుర్తుల మధ్య రాసిన ఆజ్ఞలే. నాకు మాత్రం ట్యాగుల్లేని ఉత్త అక్షరాలు కావాలి.

ప్రోగ్రాం రాసిన అబ్బాయి మొదట్లో < నుంచి > దాకా ఏముంటే అది కోసెయ్యమని రాశాడు. ఒకరోజు ఎవరో ‘పీహెచ్ < 7, ఉష్ణోగ్రత > 2’ అని టైపు చేశారు. నా దాకా వచ్చింది ‘పీహెచ్ 2’. అలాగే అచ్చువేశాను.

తర్వాత టూల్‌కిట్‌లోనే ఉన్న టెక్స్ట్ డాక్యుమెంట్‌కు పని అప్పజెప్పాడు. ట్యాగుల వరసను అది చదివి, అర్థం చేసుకుని, సాదా పాఠం ఇస్తుంది. బోల్డ్ పోయింది, ఏమీ కాలేదు. ఇటాలిక్ పోయింది, పేరు పేరులాగే ఉంది. కానీ పది నెత్తిన ఉండాల్సిన ఆరు కిందికి దిగి పక్కన నిలబడింది. 106.

ల్యాబులో పెద్దామె వయల్‌ని వెలుతురుకి పెట్టి చూసింది.

“తమ్ముడూ, నూట ఆరు కణాలేంటి? టెన్ పవర్ సిక్స్ కదా, పది లక్షలుండాలి!”

“తెర మీద కరెక్టుగానే ఉంది కదక్కా.”

“తెర ఫ్రీజర్లోకి పోదు కదా. ఇది చూడు.”

అతను చూశాడు. మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లలేదు. టెక్స్ట్ డాక్యుమెంట్‌లో ప్రతి ముక్కకూ దాని రూపం కూడా రాసి ఉంటుంది: బోల్డా, ఇటాలిక్కా, గీతకు పైనా, కిందా అని. సాదా చేసేలోపే ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటీ తిరిగి, పైకెక్కిన అంకె కనిపిస్తే దాని ముందు ^ పెట్టించాడు. ⁶ అనే గుర్తు యూనికోడ్‌లో ఉంది కానీ, నా ఫాంట్‌లో లేదు. అదే పంపితే ఖాళీ డబ్బా అచ్చయ్యేది.

గడ్డకట్టిన వయల్ మీది పాత లేబుల్ ఊడిరాదు. పెద్దామె డ్రై ఐస్ మీద ఒక్కో వయల్‌నే పెట్టుకుని, 10కీ 6కీ మధ్య సన్న పెన్నుతో ^ గీసింది. చలికి సిరా పట్టలేదు. తుడిచి మళ్లీ గీసింది.

మర్నాడు పొద్దున నా రిబ్బన్ కదిలింది. మొదటి లేబుల్ 10^6. ఆమె దాన్ని తీసుకుని రెండుసార్లు చదివింది, తర్వాతే వయల్‌కి చుట్టింది.