మూడు వందల రియాళ్ల తివాచీ

బండిలో గేరు కర్రుమంటే మంచి డ్రైవరుకు నిద్ర పట్టదంటారు. నాకు హాయిగా పట్టేది. తప్పు నాది కాదని అంత నమ్మకం.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మీసాలు రాకముందే మేనమామ పాత లారీ మీద డబుల్ క్లచ్ నేర్చాను. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, వదిలి కాస్త రేస్ ఇవ్వాలి, మళ్లీ తొక్కి కింది గేరు వేయాలి. చప్పుడు రాకుండా ఇది చేయగలిగినవాడికి ఇంకెవడూ ఏమీ నేర్పక్కర్లేదనేవాడు మామ. ఆ మాట పట్టుకునే దోహాలో దిగాను. పళ్లు కలిసేముందు రెండింటి వేగాన్నీ తానే సరిచేసే సింక్రోమెష్ 1928లోనే కాడిలాక్ కార్లలో వచ్చిందనీ, ఇప్పటి పికప్‌ల మీద నా విద్యకు పెద్దగా పని లేదనీ నాకు చెప్పినవాడు లేడు. చెప్పినా వినేవాణ్ణి కాదులెండి.

కంపెనీ ఇచ్చింది డబుల్ క్యాబిన్ తెల్ల పికప్, చేతి గేర్లది. పగలు నేను, రాత్రి ఒక నేపాలీ కుర్రాడు. ఏసీ మెకానిక్కులనూ వాళ్ల సామానునూ సనయ్యా పారిశ్రామికవాడ నుంచి లుసైల్ దాకా తిప్పాలి. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ వాళ్లు నీడకు పోతే నేను బండిలోనే నడుం వాల్చేవాణ్ణి. కాలి కింద రేకు పెనంలా కాలేది. ఒక విల్లాలో పాత తివాచీ పెరికి పారేస్తుంటే మందపాటి ముక్క ఒకటి కోసుకొచ్చి, రబ్బరు మ్యాట్ మీద పెడల్స్ కిందిదాకా పరిచాను. ఇంట్లో కూర్చున్నట్టుండేది.

ఆ వారమే రివర్స్ గేరు కర్రుమంది. తర్వాత మొదటి గేరు. పది రోజులకు సల్వా రోడ్డు మీద సిగ్నల్ పడ్డప్పుడల్లా గుండె అదిరేది.

నేపాలీ కుర్రాణ్ణి అడిగాను. రాత్రిళ్లు గేర్లు వెన్నలా పడుతున్నాయన్నాడు. అబద్ధమనుకున్నాను. పైగా వాడు నా తివాచీని రోజూ చుట్టి వెనక సీట్లో పడేసేవాడు. పొద్దున్నే నేను తిట్టుకుంటూ మళ్లీ పరుచుకునేవాణ్ణి. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఉన్నాయి, మీరు చదువుతుండగానే కలిపేసి ఉంటారు. నాకు మూడు వారాలు పట్టింది, అదీ ఇంకొకడు కలిపితే. ఈలోగా, కుర్రాడే క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపి ప్లేటు కాల్చేశాడని ఫోర్‌మన్‌కు నేనే చెప్పాను. వాడి జీతంలో 300 రియాళ్లు కోశారు.

అంతటితో ఊరుకోక, ఒక శుక్రవారం గేర్‌బాక్స్ నూనె నేనే మారుస్తానని కింద దూరాను. పాత నూనె వదిలే బోల్టు సులువుగా వచ్చింది. అంతా తొట్టిలోకి పోయాక నింపే బోల్టు పట్టుకుంటే కదలదు. ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని గానీ కిందిది విప్పకూడదన్న చిన్న తెలివి ఇరవై ఏళ్ల డ్రైవరుకు లేకపోయింది. పక్క షెడ్డు పిల్లవాడు స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి ఊడదీసేదాకా బండి ఖాళీ కడుపుతో నిలబడింది. తొట్టిలోకి పోయిన పాత నూనె శుభ్రంగా ఉంది. ఇత్తడి రజను లేదు, బోల్టు అయస్కాంతానికి మామూలుగా ఉండే బూడిదరంగు ముద్ద తప్ప ముక్కలేమీ లేవు. పెట్టె బాగుందని నూనె చెప్తూనే ఉంది. కొత్త నూనె పోసి బయటికొచ్చి రివర్స్ వేశాను. కర్రుమంది.

చివరికి సనయ్యాలోనే కడప అన్న ఒకాయన షెడ్డుకు తీసుకెళ్లాను. "అన్నా, గేర్‌బాక్స్ దించాల్నా?" అన్నాను.

"దించేది మళ్ల చూద్దాంలే అబ్బీ. ముందు ఇంజను ఆపు."

ఆపాను. అయిదు గేర్లూ, రివర్సూ ఒక్కొక్కటే వేసి చూశాడు. చప్పుడే లేదు. స్టార్ట్ చేసి క్లచ్ తొక్కి, అయిదు సెకన్లు ఆగి రివర్స్ వేశాడు. కర్రు. ఇంజను ఆగినప్పుడు అన్నీ పడి, తిరిగేటప్పుడు మాత్రం ఏడిస్తే పెట్టెది కాదట తప్పు, క్లచ్ పూర్తిగా విడవడం లేదట. ప్లేటు ఫ్లైవీలును కొంచెం పట్టుకునే ఉంటే లోపలి షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. చాలా బళ్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి ముందు అదే అరుస్తుంది. క్లచ్ ఆయిల్ డబ్బా చూశాడు, నిండుగానే ఉంది. పెడల్ మూడుసార్లు గబగబా తొక్కి చూశాడు. గొట్టంలో గాలి చేరి ఉంటే అలా తొక్కినప్పుడు కాస్త మెరుగవ్వాలి. మారలేదు.

అప్పుడు వంగి పెడల్ కింద చెయ్యి పెట్టాడు. తివాచీ ముక్కను చెవి పట్టి లాగినట్టు లాగాడు. పెడల్ ఇంకో వేలెడు కిందికి దిగింది. రివర్స్ పడిన సంగతి బీపు మోగితే గానీ నాకు తెలియలేదు.

నవ్వితే బాగుండేది. ఆయన నవ్వలేదు. "నూనె యాల మార్చినావ్?" అన్నాడు, అంతే. డబ్బులు పుచ్చుకోలేదు. కరక్ చాయ్ తాగించాను. నాది చల్లారిపోయింది.

ఆ సాయంత్రం ఫోర్‌మన్‌కు చెప్పాలని కొంత దూరం నడిచి, వెనక్కి వచ్చాను. ఇన్నేళ్ల డ్రైవరు మ్యాట్ మీద ఓడిపోయాడని క్యాంపంతా పాకుతుందని భయం. జీతం రాగానే నా జేబులోంచి 300 తీసి నేపాలీ కుర్రాడి చేతిలో పెట్టాను. ఎక్కడివని అడిగాడు. కోసింది పొరపాటని ఆఫీసువాళ్లే తిరిగి ఇచ్చారన్నాను. సంతోషించాడు. ఆ రాత్రి నాకు చపాతీలు కూడా చేసి పెట్టాడు.

వాడు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు.