పేరయ్యగారికి టార్గెట్!

మాదాపూర్‌లో పెళ్లిళ్ల పేరయ్యలాంటి ఉద్యోగాల పేరయ్య ఉంటాడు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్’. ఊరందరికీ కొలువులు కుదర్చడం ఆయన పని. నెలాఖరుకి తన కొలువు కాపాడుకోవడం అదనపు పని.

పొద్దున్నే కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫోన్. ‘మేడమ్, మనుషులు కావాలా?’

‘మీలాంటివాళ్లు ఇప్పటికే పదిమంది ఉన్నారు. రేటెంత?’

చేరేవాడి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. బేరం మొదలైతే అది ఆరుకు, ఆపైన ఐదుకు దిగుతుంది. 18 శాతం జీఎస్టీ మాత్రం ఒక్క మెట్టూ దిగదు.

సరే, కుర్రాడు దొరికాడు. మూడు రౌండ్లు గట్టెక్కాడు. నోటీసు పీరియడ్ 90 రోజులు. ఈలోగా చేతికొచ్చిన ఆఫర్ లెటర్ చూపించి ఇంకో రెండుచోట్ల జీతం పెంచుకున్నాడు. చేరాల్సిన సోమవారం ఫోనెత్తడు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు పడదు.

చేరాడని సంబరపడ్డానికీ లేదు. మూడు నెలల్లోపు మానేస్తే మరొకణ్ని ఉచితంగా తెచ్చిపెట్టాలి. బిల్లు మాత్రం ‘ఫైనాన్స్‌వాళ్ల దగ్గర ఉంది’. ఎప్పుడడిగినా అక్కడే ఉంటుంది.

శుక్రవారం రివ్యూలో బాసుది ఒకటే ప్రశ్న: ‘పైప్‌లైన్‌లో ఏముంది?’ ‘గాలి ఉంది సార్’ అనలేక, ‘వచ్చేవారం నాలుగు క్లోజర్లు సార్’ అంటాడు. గత శుక్రవారమూ అవే నాలుగు.

మీటింగ్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో మెల్లగా ఇంకో ట్యాబ్ తెరుస్తాడు. ఓ రెజ్యూమేకి మెరుగులు దిద్దుతాడు. అది ఆయనదే. పాపం, ఆ ఒక్కదానికే కమీషన్ రాదు!