పెరటిమడి సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పెరటి మడికి పందికొక్కు రాకుండ జాలీ దింపవలెను.

టీక. కర్త ఎవరో తెలియదు. భాషను బట్టి చూస్తే ఏ హార్డ్‌వేర్ కొట్టు గుమ్మంలోనో పుట్టిన సూత్రం. మెదక్ జిల్లా కొల్చారం వాడుగా చెప్పుకునే కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యానానికి ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి ఒట్టు నిలుపుకుంటాడు. రెండోదానికి పూచీ లేదు.

పెరటి, అనగా పెరటియందలి. హైదరాబాదులోని ఉప్పల్, నాచారం కాలనీల్లో ఈ మాటకు వాచ్యార్థం చెల్లదు, లక్ష్యార్థమే గతి: ఇంటి ప్లాను పాసు కావడం కోసం ప్రహరీకీ ఇంటి గోడకీ మధ్య గత్యంతరం లేక వదిలిన సెట్‌బ్యాక్. అందులో బోరు మోటారు, సెప్టిక్ ట్యాంకు మూత, కాలు విరిగిన కుర్చీ పోగా మిగిలినది మడి. ఇక్కడి నేల సహజంగా మొరం, కాస్త దిగితే గ్రానైటు. గడ్డపార దిగని చోట పందికొక్కుకీ పని కష్టమే. కాబట్టి ఇంటాయన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి, మాగిన పేడ, వర్మీ కంపోస్టు కలిపి, నడివేసవిలోనూ పూటపూటా తడిపి, వీధి మొత్తం మీద మెత్తగా, చల్లగా, వానపాములతో నిండుగా ఉండే స్థలం ఒక్కటి సిద్ధం చేస్తాడు. తర్వాత, పందికొక్కు ఇక్కడికే ఎందుకు వస్తోందని ఆశ్చర్యపోతాడు. భూగర్భం సంగతులు చూడడానికి 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉప్పల్ రోడ్డు మీదే ఉన్నా, సొంత మడి కింద అడుగున్నర లోతున ఏముందో చూసుకునే గృహస్థు అరుదు.

పందికొక్కు. శాస్త్రజ్ఞులు దీన్ని పెద్దదీ చిన్నదీ అని రెండు జాతులుగా చెబుతారు. పెద్దది కిలో బరువు దాటగలదు. కోపం వస్తే వీపు మీది ముతక వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. చిన్నది తవ్వడంలోనూ దాచడంలోనూ దిట్ట. వరి చేలల్లో కంకులు కొరికి కలుగుల్లో కూడబెట్టేది అదే. కలుగును పోల్చుకోవడం కష్టం కాదు. కన్నం ముందు పొడిమట్టి కుప్ప ఉంటుంది, తెల్లారేసరికి కన్నం లోపలి నుంచి కొత్త మట్టితో పూడ్చి ఉంటుంది. పూడ్చి ఉంటే ఖాళీ చేసి పోయిందనుకోవడం పొరపాటు, కాపురం ఉందనే అర్థం. ముల్లంగినీ చిలగడదుంపనూ కిందనుంచే తింటుంది గనక ఆ రోజంతా పైన ఆకు పచ్చగానే కనబడుతుంది. మర్నాడు వాడిందని పట్టి లాగితే గుప్పెడు ఆకులు చేతికొస్తాయి, దుంప ఉండవలసిన చోట పళ్ళ గాట్లు ఉంటాయి.

రాకుండ. ఇక్కడొక పాఠాంతరం ఉంది: ‘పందికొక్కు చచ్చునట్లు మందు పెట్టవలెను’. లోకంలో ఎక్కువ చెల్లుబాటయ్యే పాఠం ఇదే. అయినా గ్రాహ్యం కాదు. జింకు ఫాస్ఫైడు కొంచెం తిని, కడుపులో తిప్పి, బతికి బయటపడ్డ జంతువు ఆ మేతను మళ్ళీ ముట్టదు; అందుకే తెలిసినవాళ్ళు ముందు రెండు మూడు రోజులు మందు లేని మేత పెట్టి నమ్మిస్తారు. అంత ఓపిక ఉండి పాలకూర పెంచేవారు ఎందరు? బ్రోమాడియోలోను తిన్నది చావడానికి రోజులు పడుతుంది. ఈలోగా దాన్ని పిల్లో, ముంగిసో, గుడ్లగూబో తింటే ఆ విషం వాటికీ ఎక్కుతుంది. అన్నీ సవ్యంగా జరిగి చచ్చిందే అనుకుందాం, ఖాళీ అయిన కలుగులోకి మరొకటి దిగుతుంది. మూడు వారాల గర్భం, కాన్పుకు అరడజను పైన పిల్లలు. దానికి వారసుల కొరత లేదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోరు వీధుల్లో ఎలుకల పరిశోధకుడు డేవిడ్ డేవిస్ బృందం చూసింది ఇదే. విషంతో, బోన్లతో చంపిన చోట కొన్నాళ్ళకి ఎలుకల లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. తిండీ, తలదాచుకునే చోటూ తీసేసిన చోట తగ్గి, తగ్గినట్టే నిలిచింది. అక్కడి ఎలుక వేరు, మన పందికొక్కు వేరు అనవచ్చు. నిజమే, కాని ఖాళీని నింపడానికి అక్కడికన్నా ఇక్కడ వనరులెక్కువ. దక్షిణాన మూసీ, మధ్యలో నాలాలు, ఫంక్షన్ హాళ్ళ వెనక ఎంగిలి విస్తళ్ళు. ఉప్పల్ భగాయత్‌లో మూసీ నీటి పచ్చగడ్డి మళ్ళు పోయి లేఅవుటు ప్లాట్లు వచ్చాయి. మళ్ళు పోయినా వాటి పాత కౌలుదారు ఊరు విడిచి పోలేదు. 2020 అక్టోబరులో లాగా చెరువుల దిగువ కాలనీలు మునిగితే కలుగులూ మునుగుతాయి, అప్పుడవి మెరక వెతుక్కుంటాయి. ఇటుకలు పేర్చి ఎత్తు చేసిన మీ మడి మెరకే.

జాలీ. కోడి జాలీ అని అర్థం చెప్పే వ్యాఖ్యాతలున్నారు, పొసగదు. ఆ తీగ సన్నం, కన్ను పెద్దది. జీవితాంతం పెరిగే ముందుపళ్ళున్న జంతువుకు కొరకడం సరదా కాదు, అవసరం. అరంగుళం కన్నున్న జీఐ వెల్డ్ మెష్ అనే అర్థం చెప్పుకోవాలి. తుప్పు పట్టదా అంటే కొన్నేళ్ళకి పడుతుంది, మార్చాలి. ఏటా మందు కొనేవారు ఈ ఆక్షేపణ చేయకుంటే బాగుండును.

దింపవలెను. సూత్రానికి ప్రాణం ఈ క్రియ. కట్టవలెను, చుట్టవలెను అనలేదు. ప్రహరీ ఉండగా వేరే జాలీ ఎందుకని పూర్వపక్షం. ప్రహరీ మనుషుల కోసం కట్టింది. దాని పునాదిలో సైజు రాళ్ళ మధ్య సందులుంటాయి, పిల్లర్ల మధ్య బీము కింద ఉన్నది ఉత్త మట్టి, వాన నీరు పోవడానికి వదిలిన తూము సరేసరి. కాబట్టి జాలీ భూమిలోకి అడుగున్నర నుంచి రెండడుగులు దిగాలి, పైకి ఒక అడుగు నిలవాలి. మధ్యలో రాయి తగిలితే, నాచారంలో తగులుతుంది, అడుగు దాకా దింపి కింది అంచును బయటివైపుకు ఇంకో అడుగు మేర ఎల్ ఆకారంలో వంచి మట్టి కప్పాలి. అడ్డు తగిలిన చోటనే, దాని మొదట్లోనే తవ్వడం ఈ జంతువు నైజం; నాలుగడుగులు వెనక్కి పోయి అక్కణ్ణుంచి సొరంగం తియ్యాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. మడి చిన్నదైతే అడుగున కూడా జాలీ పరిచి పైన అడుగున్నర మట్టి పోస్తే సరి, వేళ్ళు కన్నాల్లోంచి దిగిపోతాయి.

ఇంగువ నీళ్ళు, నాఫ్తలీన్ ఉండలు, కన్నంలో గాజు పెంకులు చాలవా? నాలాలో సంసారం చేసే ప్రాణికి నాఫ్తలీన్ అత్తరుతో సమానం, తినే కూర మట్టిలో అది మనకే చేటు. గాజు పెంకులు కన్నం మార్పిస్తాయి, అంతే. పిల్లి కూనల్ని పడుతుంది, ముదురు పందికొక్కుకు దారిస్తుంది. ఇక మిద్దెతోట. ఉప్పల్ దాటి వరంగల్ దారిలో నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి పెంచి, పుస్తకం రాసి, ఎందరికో అలవాటు చేసిన మార్గం అది. తవ్వేదాని బెడద అక్కడ లేదన్నది ఒప్పుకోవలసిందే. కాని అద్దెకున్నవారికి మిద్దె మీద హక్కుండదు, పైపు పట్టుకుని పాకే ఇంటి ఎలుకకు మరో సూత్రం కావాలి. వినాయకుడి వాహనం మాటేమిటని అడిగేవారికి మాత్రం మన పాఠమే అనుకూలం. ఇందులో చంపడం లేదు, ప్రవేశం లేదనడమే ఉంది.

మిగిలింది గట్టి ఆక్షేపణ: నా మడికి జాలీ దింపితే అది పక్కింటి మడికి పోదా? పోతుంది. మందు పెట్టినా పక్కింటిది నా దగ్గరికి వచ్చేది కాబట్టి, రాకపోకలు జాలీతో కొత్తగా మొదలైనవి కావు. అయినా దోషం పూర్తిగా పోదు. కాలనీ మొత్తం చెత్తడబ్బాకు మూత పెట్టి, రాత్రి అన్నం గోడవతల పారబోయడం మానితేనే పందికొక్కుల లెక్క తగ్గుతుంది. అది సంక్షేమ సంఘం మీటింగుకు సంబంధించిన విషయం, ఈ సూత్రం పరిధిలోనిది కాదు. ప్రస్తుతానికి మిగిలిన ముక్క పక్కింటివారికి ఇవ్వవచ్చు. జాలీ రోలు లెక్కన కొంటే ఎలాగూ మిగులుతుంది.