‘గంటేగా’కు టీకా తాత్పర్యం

మూలం: “హైదరాబాదు నుండి విశాఖపట్నం ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. విమానంలో గంటా పావు. గంటేగా, వచ్చెయ్!”

అవతారిక: సూత్రకర్త మా బావగారు. గృహప్రవేశం మొదలు సత్యనారాయణ వ్రతం దాకా ఏ పిలుపైనా ఈ సూత్రంతోనే ముగుస్తుంది.

ప్రతిపదార్థం: విమానం, కిలోమీటరు సులభాలు గనుక వదిలేశాం. హైదరాబాదు నుండి = ఇక్కడ అపాదానం. ఒకటి విడిపోతుంటే కదలక నిలిచేది అపాదానమని పాణిని మతం. ఈ లక్షణం సాయంత్రంపూట కూకట్‌పల్లి ట్రాఫిక్కుకు అతికినట్టు సరిపోతుంది. 2008 దాకా విమానం ఊరి నడుమ బేగంపేటలోనే దొరికేది. ఇప్పుడు శంషాబాదు చేరడమే ఒక ప్రయాణం.

గంటా పావు = పైకెక్కాక జెట్టు వేగం గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకు. ఆ లెక్కన నలభై నిమిషాలు చాలవా? చాలవు. రన్‌వే దాకా పాకాలి, ఎక్కాలి, దిగాలి. ఆపైన ఆలస్యానికని టైంటేబుల్లో ముందే కలిపిపెట్టిన నిమిషాలు. అవి ఖర్చుకాకపోతే “ముందే చేరాం” అని మైకులో మురిసిపోతారు.

విశేషం: అనవసరమైనది చెప్పనని వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మాకా ఒట్టు లేదు. దూరం చెప్పడంలో కిష్కింధాకాండ వానరులంత నిజాయితీ మరెవరికీ లేదు. లంకకు నూరు యోజనాల సముద్రం ఎవరెంత దూకగలరంటే, గజుడు పది యోజనాలే అన్నాడు. గవాక్షుడు ఇరవై. ఒకప్పుడు త్రివిక్రముడికే ప్రదక్షిణం చేసిన జాంబవంతుడు, వయసు మీరింది, తొంభై దాటలేనన్నాడు. అంగదుడైతే నూరూ దూకుతాను గానీ తిరిగి రావడమే సందేహమన్నాడు. సంక్రాంతి రోజుల్లో రానూపోనూ టికెట్టు ధర చూసినవాడికి అంగదుడి గుండె తెలుస్తుంది. ఇక మైనాకుడు! నడిసముద్రంలో పైకి లేచి, కాస్త అలసట తీర్చుకొమ్మని హనుమంతుణ్ణి బతిమాలాడు. ఫలాలిస్తానన్నాడే గాని బిల్లు మాట ఎత్తలేదు. యోజనమంటే అయిదు మైళ్లా, ఎనిమిదా అని పండితులు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. ఆ తగువులో దిగితే మనకూ పొద్దుపోతుంది గానీ బావగారు ఎదురుచూస్తున్నారు.

తాత్పర్యం: ఇంటినుంచి శంషాబాదుకు గంటన్నర. సామాను కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే చేరాలి. తనిఖీలో బెల్టు విప్పాలి. దిగాక పెట్టెకోసం పడిగాపులు, ఆపై మధురవాడలో బావగారింటికి కారు. వెరసి ఆరు గంటలు. 2023 నుంచి వందేభారత్ సికింద్రాబాదులో ఎక్కించుకుని 700 కిలోమీటర్లూ ఎనిమిదిన్నర గంటల్లో దింపుతోంది, బెల్టు విప్పమనదు.

పాఠాంతరం: ‘విశాఖపట్నం నుండి హైదరాబాదు’ అనే పాఠమూ సాధువే. దూరం అంతే, గంటేగా. బావగారి ప్రతిలో మాత్రం అది కనబడదు. మా అమ్మ మోకాలి ఆపరేషనప్పుడు చాలా వెదికాం.