మంచె కింద టికెట్ కౌంటర్

జింకను చూడటానికి జుక్కల్ నుంచి హైదరాబాద్ పోయేవాళ్లు ఉంటారా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటారు. బండి కిరాయికి మాట్లాడుకుని, జొన్నరొట్టెలూ పల్లికారం మూట కట్టుకుని, కోడి కూయకముందే లేచి, పిట్లంలో ఛాయ్ తాగి, జోగిపేట, సంగారెడ్డి దాటి, బహదూర్‌పురా ట్రాఫిక్‌లో ఇరుక్కుని మరీ పోతారు. ఊరు దాటకముందే హెడ్‌లైటు వెలుగులో జింకల మంద ఒకటి రోడ్డుకు అడ్డం వస్తుంది. డ్రైవర్ విసుక్కుంటూ హారన్ కొడతాడు. "జల్ది పోనియ్ అన్నా, జూ తెరిచే యాళ్లకు అక్కడుండాలె" అని వెనక సీటు తొందరపెడుతుంది.

మొన్నో ఆదివారం మా బండి కూడా అట్లనే పోయింది. మా పెద్దనాయనను బలవంతాన ఎక్కించుకున్నాం. రాత్రంతా చేను కావలి కాసి వచ్చిన మనిషి, సంగారెడ్డి దాకా గురక పెడుతూనే ఉన్నాడు.

నెహ్రూ జూ పార్కు గొప్పతనాన్ని తక్కువ చేయను. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. అంతకుముందు బాగే ఆమ్‌లో ఉన్న జంతువులను ఇక్కడికి తరలించి, 1963 అక్టోబర్ 6న తెరిచారు. ఇంగ్లండులో ఒక జమీందారు తన లాంగ్‌లీట్ ఎస్టేటులో సింహాలను వదిలి, జనాన్ని కార్లలో తిప్పడం 1966లో మొదలుపెడితే, మనవాళ్లు ఎనిమిదేళ్లలో అందుకున్నారు. 1974లో హైదరాబాద్‌లో పెట్టిన లయన్ సఫారీయే దేశంలో మొదటిదని చెబుతారు. లోపల బ్యాటరీ బండ్లున్నాయి, పిల్లల రైలుంది, తెల్లపులి ఉంది. కెమెరాకు వేరే టికెట్ ఉంది.

సఫారీ బస్సు కిటికీలకు జాలీలు. మనం జాలీ లోపల, సింహం బయట. అది చెట్టు నీడకు వెల్లకిలా పడుకుని ఉంది. బస్సు నిండా ఫోన్లు లేచాయి. ఒక పిల్లాడు "లే, లే" అని అరిచాడు. సింహం చెవి మాత్రం కదిపింది, అది కూడా ఈగ కోసం. పెద్దనాయన కాసేపు చూసి, నా చెవిలో అన్నాడు: "మన చేన్ల గూడ గిట్లనే గదరా. నేను మంచె మీద, పంది కింద. ఫరకేందంటే ఇది పండుకుంటది, అది తింటది."

ఈ సింహాల వైభవం ఆయనకు పూర్తిగా తెలియదు. 2021 మే నెలలో, మనం కరోనా పరీక్ష కోసం పీహెచ్‌సీల ముందు వరుసల్లో నిలబడ్డ రోజుల్లో, ఈ జూలోని ఎనిమిది సింహాలకు ముక్కులోంచి, గొంతులోంచి నమూనాలు తీసి, సీసీఎంబీకి పంపి పరీక్ష చేయించారు. పాజిటివ్ వచ్చింది. మందులిచ్చారు, కోలుకున్నాయి. మంచిదే. సింహానికి మత్తిచ్చి మరీ పరీక్ష చేశారు. మాకు పరీక్ష కిట్లు లేవని చెప్పి మత్తు లేకుండానే పంపేశారు.

జూలో దత్తత పథకం కూడా ఉంది. మీకు నచ్చిన జంతువును ఏడాది పాటు దత్తత తీసుకుని దాని తిండి ఖర్చు కట్టవచ్చు. బ్యాంకులు తీసుకుంటాయి, సినిమా కుటుంబాలు తీసుకుంటాయి, ఫొటో పేపర్లో వస్తుంది. ఇక్కడే నాకు మా ప్రాంతం మీద గౌరవం పెరిగింది. మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ రైతులు జింకల మందలను మందలుగానే దత్తత తీసుకుని ఎన్నేళ్లయిందో లెక్కే లేదు. మిరుగం పడి సోయా రెండాకులు వేసిందో లేదో, మంద దిగుతుంది. పెసర, మినుము, కంది, తరువాత శనగ. చెక్కు ఇచ్చే ఫొటో మాత్రం ఎవరూ తీయలేదు.

జింకల తప్పు లేదు. కృష్ణ జింక అడవి జీవి కాదు, మైదానం జీవి. దానికి కావలసింది దూరం దాకా కనబడే బయలు, లేత గడ్డి, పరుగు తీయడానికి చోటు. మంజీర ఒడ్డు నల్లరేగడి కన్నా మంచి చోటు దానికి ఎక్కడుంది? పైగా ఇది మూడు రాష్ట్రాలు కలిసే మూల. పొద్దున దెగ్లూర్ వైపు మహారాష్ట్రలో మేసి, ఔరాద్ వైపు కర్ణాటకలో నీళ్లు తాగి, రాత్రి భోజనానికి తెలంగాణకు వచ్చినా దాన్ని అడిగే చెక్‌పోస్టు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణ జింకే మన రాష్ట్ర జంతువు. 2014లో రాష్ట్రం విడిపోయాక అది ఆంధ్రప్రదేశ్ వాటాకు పోయింది, మనం చుక్కల జింకను పెట్టుకున్నాం. ఉద్యోగులను పంచారు, అప్పులను పంచారు, భవనాల కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. జుక్కల్ చేన్లలో మేస్తున్న కృష్ణ జింకలకు మాత్రం ఇప్పటి దాకా రిలీవింగ్ ఆర్డర్ రాలేదు.

దాని మీద చేయి వేయడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. జోధ్‌పూర్ దగ్గర 1998లో జింకలను కాల్చిన కేసులో సల్మాన్ ఖాన్ అంతటివాడికి 2018లో ఐదేళ్ల శిక్ష వేశారు. బెయిలు మీద బయటికి రావడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. మా పెద్దనాయనకు ఎన్ని రోజులు పడుతుందో ఆలోచిస్తే, చట్టం మీద గౌరవం దానంతట అదే పుడుతుంది.

పంది సంగతి వేరు. పంది మీద ప్రభుత్వం దయ తలచింది, అంటే రైతు మీద. 2021లో సర్పంచులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చారు. పంట పాడు చేసే అడవి పందిని చంపాలంటే ఈ సంరక్షకుడే అనుమతి ఇవ్వాలి. గుర్తింపు ఉన్న షూటరే కాల్చాలి. చచ్చినదాన్ని పాతిపెట్టాలి, కూర వండుకోవద్దు. బాగానే ఉంది. కానీ 2024 ఫిబ్రవరి మొదటికల్లా సర్పంచుల గడువు అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో. మధ్యలో ఊళ్లను ప్రత్యేకాధికారుల చేతిలో పెట్టారు. ఆ అధికారి కనబడటం కన్నా పంది కనబడటం తేలిక. రెండు వానకాలం పంటలు అట్లా గడిచాయి. పందులకు పదవీకాలం లేదు కాబట్టి అవి కొనసాగాయి.

అందుకని రైతు తన శాస్త్రం తాను కనిపెట్టుకున్నాడు. చేను చుట్టూ పాత చీరలు కడతాడు. మా చేను గట్టు మీద నిలబడితే మా ఇంట్లో జరిగిన పెండ్లిళ్లన్నీ వరుసగా లెక్కపెట్టొచ్చు. ఇంట్లోవి అయిపోతే పట్నం నుంచి కట్టల లెక్కన వచ్చే చీరలు కొంటాడు. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లుతాడు. బ్యాటరీ మైకులో కుక్క మొరుగుడు రికార్డు పెడతాడు. పందులు రెండు రాత్రులు భయపడి, మూడో రాత్రికి అది రికార్డని తెలుసుకుంటాయి. ఎన్నికల ప్రచార రథాల విషయంలో మనకు ఇంకా ఆ తెలివి రాలేదు.

ఇక కోతుల గురించి చెప్పేదేముంది. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్నారు. కోతుల కోసం ఫుడ్ కోర్టులు పెట్టారు. కోతులు మెనూ చూసి, మా పెరట్లకే వచ్చాయి.

జింకలను కంచెలో చూడాలనుకుంటే హైదరాబాద్ దాకా కూడా పోనక్కర్లేదు. ఎల్లారెడ్డి దాటితే పోచారం. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1952 నుంచి అభయారణ్యం. పక్కనే నిజాం కాలంలో కట్టిన చెరువు, జింకల కేంద్రం. అక్కడ జింకల సంఖ్య పెంచడానికి కేంద్రం పెట్టారు. ఇక్కడ ఏ కేంద్రమూ లేకుండానే పెరిగాయి.

కాబట్టి పర్యాటక శాఖకు నాదొక ప్రతిపాదన. జుక్కల్ నైట్ సఫారీ. సింగపూర్‌లో 1994 నుంచి ఇట్లాంటిది నడుస్తోంది, కానీ అధ్యయన యాత్ర పేరుతో ఎవరూ అక్కడికి పోవాల్సిన పని లేదు. పెట్టుబడి సున్నా. దాణా ఖర్చు రైతుది. రాత్రి డ్యూటీ సిబ్బంది ఇప్పటికే ఉన్నారు, జీతం అడిగే అలవాటు కూడా వాళ్లకు లేదు. మంచెను ట్రీ హౌస్ అని రాస్తే రేటు మూడింతలవుతుంది. చీరల కంచెను జానపద కళ అనవచ్చు. రేకు డబ్బా, కర్ర ఇచ్చి పర్యాటకుడి చేత మోత మోగిస్తే దాన్ని అనుభవం అంటారు, దానికి వేరే చార్జీ. హైదరాబాద్ జూకు సోమవారం సెలవు, మా పందులకు ఏ వారమూ సెలవు లేదు. నాందేడ్ జాతీయ రహదారి పక్కనే ఉంది. మర్నాడు పొద్దున కౌలాస్ కోట, మధ్యాహ్నం 1931లో పూర్తయిన నిజాంసాగర్ చూపించి, సాయంత్రానికి పంపేయొచ్చు. సింహం లాగా వెల్లకిలా పడుకుని టికెట్ డబ్బులు వృథా చేసే జంతువు ఒక్కటీ మా దగ్గర లేదు. అన్నీ పని చేసేవే.

తిరుగు ప్రయాణంలో ఇదంతా పెద్దనాయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"టికెట్ పైసలు ఎవలకొస్తయిరా? మనకా?"

"ఎందుకొస్తయి పెద్దనాయినా, జంతువులు సర్కారువి గద. ఫారెస్టోళ్లకు, టూరిజమోళ్లకు."

కాసేపు మాట్లాడలేదు. పెద్ద కొడప్‌గల్ దాటాక మెల్లగా అడిగాడు.

"మరి బోర్డు పెట్టినంక, రాత్రి నా చేన్లకు నేను పోవాల్నంటే టికెట్ కొనాల్నా?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ముందు సీటులో ఉన్న మా మేనల్లుడే వెనక్కి తిరిగి చెప్పాడు.

"కొనాలె తాతా. టార్చిలైటు తెస్తే దానికి ఇంకోటి."