దిద్దుబాటుకు దిద్దుబాటు

గురజాడ అప్పారావుగారు 1910లో ‘దిద్దుబాటు’ కథ రాసి, 1915లో కన్నుమూసి బతికిపోయారు. ఇవాళ ఉండి ఆ కథ పట్టుకుని ఏ టీవీ చానల్ గడపో ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

“పాయింటు బాగుంది గురువుగారూ. సానిపాటకు మరిగిన మొగుడికి పెళ్లాం బుద్ధి చెప్తుంది. అత్తగారేరీ?”

“కథలో లేరు బాబూ.”

“పెట్టేద్దాం. ఆడపడుచు కూడా కావాలి. లేకపోతే పాలగ్లాసులో విషం ఎవరు కలుపుతారు?”

మొగుడు గోపాలరావు అర్ధరాత్రి దాటాక వచ్చి తలుపు తట్టడంతో కథ మొదలవుతుంది. సీరియల్లో సోమవారం తడతాడు. మంగళవారమంతా అత్తగారి కళ్లు, ఆడపడుచు కళ్లు, నౌకరు రాముడి కళ్లు, కంటికో ఉరుము. బుధవారం నిన్నటిదే మళ్లీ. గురువారం గొళ్లెం కదులుతుంది. శుక్రవారం తెలుస్తుంది, గాలికని. తలుపు తీయడం శనివారం మహా ఎపిసోడ్‌లో!

అసలు కథలో మంచం కింద దాక్కున్న పెళ్లాం కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినబడగానే గురజాడ కలం పక్కన పెట్టేశారు. మొగుడు నిజంగా మారాడా అన్నది మనకు వదిలేశారు. చూసేవాడికి ఏదైనా వదిలేయడమంటే చానల్‌కు చచ్చేంత భయం. అందుకని మంచం కిందున్నది కమలిని కాదు, పట్టుచీరా వడ్డాణంతో దాక్కున్న ఆమె కవల చెల్లెలు. కమలినికి గతం గుర్తులేదు. ఎనిమిది వందల ఎపిసోడ్లకు ఢోకా లేదు.

కథను కథలా తీయడం కుదరదా అంటే, ఎందుకు కుదరదు? ప్రేమ్‌చంద్ ‘సద్గతి’ని సత్యజిత్ రే 1981లో దూరదర్శన్ కోసం గంటలోపే ముగించారు. ఆర్.కె. నారాయణ్ ‘మాల్గుడి డేస్’ను శంకర్‌నాగ్ తీస్తే దేశమంతా కళ్లప్పగించి చూసింది. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ కూడా తెరకెక్కాయి. తీసినవారు శ్యాం బెనెగల్. తీసింది హిందీలో! మన కృష్ణ ఒడ్డు కథల్ని మనం హిందీలో చూసి తరించాం.

అయ్యా, అమ్మా, ‘దిద్దుబాటు’ నాలుగైదు పేజీలే. ఒక ఎపిసోడ్ మధ్యలో వచ్చే ప్రకటనలంత సేపు పట్టదు. రిమోట్‌లో మ్యూట్ మీట ఉంది. అది నొక్కి చదవండి. మీరు చదవడం ముగించేసరికి అక్కడ తలుపు ఇంకా తెరుచుకోదు.